అంగడి మాటలు అడగబోయిన సంతోషి

సంతోషిని చూడగానే జనం రేషన్ కార్డులు బయటికి తీసేవాళ్లు. చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన కాయితాలు, మెడలో ఫొటో ఉన్న కార్డు, నెత్తికి ఎండ తగలకుండా చుట్టుకున్న చున్నీ. 2012లో శంషాబాద్ చుట్టుపక్కల ఆ వేషంలో గుమ్మంలోకి వచ్చిన మనిషి సర్కారు మనిషే అయి ఉండాలి. ముందటేడాదే జనాభా లెక్కలవాళ్లు వచ్చిపోయారు కూడా.

"మా కోడలు పేరు తప్పుపడ్డది బిడ్డా, జర సరిచెయ్యి" అని ఒక ముసలామె స్కూటీ హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. తను రేషన్ మనిషిని కాదని సంతోషి ఎంత చెప్పినా వినలేదు. చివరికి మండల ఆఫీసులో ఎవర్ని కలవాలో ఒక చీటీ మీద రాసిచ్చాక గానీ స్కూటీ కదల్లేదు.

సంతోషిది మామిడిపల్లి. తండ్రి కుర్మయ్య తమకున్న కాస్త పొలంలో ఆకుకూరలు వేస్తాడు. తల్లి భాగ్యమ్మ వాటిని కట్టలు కట్టి మార్కెట్‌కి తీసుకుపోతుంది. కూతురు కంప్యూటర్ డిగ్రీ చదివింది కాబట్టి ఏసీ గదిలో కూర్చుంటుందని వాళ్లిద్దరూ అనుకున్నారు. ఆమె మాత్రం ఎండలో దుకాణం దుకాణం తిరిగే ఉద్యోగంలో చేరి సాయంత్రానికి ఎర్రబడ్డ ముఖంతో ఇంటికొచ్చేది.

"ఏం అడుగుతవే అందర్ని?" అని భాగ్యమ్మ ఒకరోజు మెంతికూర కట్టలు కడుతూ అడిగింది.

"కంప్యూటర్ల బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నది గదనే అమ్మా, దాన్ని ఏమన్న మార్చుకున్నరా అని అడుగుత."

"మార్చుకుంటే?"

"మార్చుకున్నరని రాసుకుంట."

"మార్చుకోకుంటే?"

"మార్చుకోలేదని రాసుకుంట."

భాగ్యమ్మ కట్టని బుట్టలో వేసి, "మంచి పనే తీయ్, మొయ్యాల్సిన బరువేం లేదు" అంది.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు 'అంగడి'. చిన్న దుకాణాల కోసం తెలుగులో చేసింది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, పక్కవాళ్లకి ఇవ్వచ్చు, లోపల ఏముందో తెరిచి తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు కూడా. దాన్ని మొదలుపెట్టింది చాముండేశ్వరి. ఆమెది తెనాలి. హైదరాబాదు కాలేజీలో చాలాకాలం గణాంకశాస్త్రం చెప్పి, భర్త భాస్కరరావుకి ఎయిర్‌పోర్టులో కార్గో ఉద్యోగం రావడంతో శంషాబాద్‌కి మారింది. బస్టాండు వెనక ఓ మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని, దుర్గేష్ అనే కుర్ర ఇంజనీరుతో కలిసి ఈ పని నడిపేది. అంగడిలో కనిపించే తెలుగు మాటలు దాదాపు అన్నీ ఆమె ఏరి కూర్చినవే.

సర్వే ఎందుకు పెట్టారంటే, దుర్గేష్‌కి ఒక చిక్కు వచ్చిపడింది. అంగడిలోని మాటలన్నీ ఒక విడి ఫైలులో ఉండేవి. ఎవరైనా తెరిచి దిద్దుకోవడానికి వీలుగా మొదట్లో అలా పెట్టారు. కానీ కొత్త వెర్షన్ చేసినప్పుడల్లా ఆ ఫైలుని విడిగా చూసుకోవాలి, పరీక్షించాలి. దాంతో అతని పని రెండింతలయ్యేది.

"ఎవరూ ముట్టుకోని దాని కోసం ఇంత కష్టపడుతున్నాం మేడమ్" అన్నాడతను. "వచ్చే వెర్షన్‌లో మాటల్ని లోపలే బిగించేస్తాను. ఎవరూ మార్చలేరు, ఎవరికీ మార్చే అవసరమూ లేదు."

"ఎవరూ ముట్టుకోలేదని నీకెలా తెలుసయ్యా?" అని చాముండేశ్వరి అడిగింది. "అడిగి చూద్దాం. అడక్కుండా తీసేయడానికి నాకు మనసొప్పదు."

అలా సంతోషి చేతికి అట్ట వచ్చింది. ప్రశ్నలు చాముండేశ్వరే రాసింది. మొట్టమొదటిది ఇది: 'మీరు ఈ సాఫ్ట్‌వేరును మీ అవసరాలకు అనుగుణంగా ఏమైనా మార్పులు చేసియున్నారా?'

శంషాబాద్‌లో అడిగింది. రావిర్యాలలో అడిగింది. బస్సెక్కి షాద్‌నగర్ పోయి అడిగింది. అందరిదీ ఒకే జవాబు: "ఏం మార్చలే."

కొందరు ఆ మాట ఆమె ప్రశ్న పూర్తికాకముందే అనేసేవాళ్లు. చాయ్ ఇచ్చేవాళ్లు, కుర్చీ వేసేవాళ్లు, మంచిగా మాట్లాడేవాళ్లు. కంప్యూటర్ దగ్గరికి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు. ఆ కాయితాలు చూసి దుర్గేష్ చిరునవ్వు నవ్వాడు. చాముండేశ్వరికి మాత్రం కొంచెం బాధ కలిగినట్టు సంతోషికి అనిపించింది.

తరవాతి ఆదివారం కుర్మయ్య పొలంలో మోటారు పైపు పగిలింది. దానికి తగిన జోడింపు ముక్క తెమ్మని కూతుర్ని శంషాబాద్ పంపాడు. పాత హైవే పక్కన దశరథం హార్డ్‌వేర్ దుకాణం ఉంది. సంతోషి పదిరోజుల కిందటే అక్కడ సర్వే చేసింది. 'ఏం మార్చలే' అన్నవాళ్లలో దశరథం కూడా ఉన్నాడు.

దుకాణం కిటకిటలాడుతోంది. దశరథం ఆమెని పోల్చుకోకుండానే పేరడిగి, ముక్క చేతిలో పెట్టి, బిల్లు చింపి ఇచ్చాడు. సంతోషి బిల్లు వంక చూసింది. చాముండేశ్వరి 'వినియోగదారుని నామధేయము' అని పెట్టిన చోట 'తీస్కపోయినాయన' అని ఉంది. దాని పక్కన 'సంతోషి'. అడుగున 'ధన్యవాదములు' ఉండాల్సిన చోట 'మల్ల కారితే మల్ల రా' అని ఉంది.

సంతోషికి నవ్వాగలేదు.

"అన్నా, ఈ తీస్కపోయినాయన ఎవరు?"

"నువ్వే" అన్నాడు దశరథం తలెత్తకుండా. తరవాత తలెత్తాడు. గుర్తుపట్టాడు. ముఖంలో రంగు మారింది. "నువ్వు ఆ సర్వే పిల్లవి గదా. మీ మేడమ్‌కి చెప్తవా ఏంది?"

"మొన్న ఏం మార్చలే అన్నవ్ గదన్నా!"

"మరి కాయిదం పట్టుకొచ్చి, మెడల కార్డేస్కొని, మార్పులు చేసియున్నారా అని అడిగితే ఏమంటరు? మీటరు ముట్టినవా అని కరెంటోళ్లు అడిగినట్టే ఉండె. ముట్టినోడెవడన్న ముట్టిన అంటడా?"

సంతోషి పైపు ముక్కని కౌంటర్ మీద పెట్టేసింది. "అన్నా, దీన్ని మార్చుకోనీకే ఇచ్చిన్రు. మార్చుకుంటే తప్పు లేదు. మార్చుకుంటేనే మాకు సంతోషం."

"నిజంగనా?"

"నిజంగనే."

"గా ముక్క ముందుగాల్నే చెప్పరాదు!" అన్నాడు దశరథం. మరుక్షణం మానిటర్‌ని గిర్రున ఆమె వైపు తిప్పేశాడు. "ఇగ చూడు. ఇది నేను చేసిందే. మేస్త్రీలు వచ్చి కంపెనీ పేర్లు చెప్పరు. గీ బొమ్మ కాడ వేలు పెట్టి గిదిగో గిట్లాంటిది అంటరు. అందుకే ప్రతి సామానుకి వాళ్లు పిలిచే పేరు ఎక్కించిన..."

పైనుంచి విమానం దిగుతూ పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. ఇంటి దగ్గర కుర్మయ్య పైపుకి గుడ్డ చుట్టి పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున సంతోషి ఆ బిల్లుని చాముండేశ్వరి బల్లమీద పెట్టింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "తీస్కపోయినాయన" అని పైకి ఒకసారి అంది. మళ్లీ అంది. తరవాత కుర్చీ వెనక్కి వాలి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"నామధేయమట! ఎవరన్నా అంగట్లోకి వచ్చి మీ నామధేయమేమి అంటారా? నా బుద్ధి ఏమైందో అప్పుడు! సంతోషీ, ఈ ప్రశ్నలు పక్కన పడేయ్. ఏం అడగాలో నువ్వే చూసుకో."

సంతోషి అట్ట పక్కన పెట్టింది. మెడలో కార్డు తీసి సంచిలో వేసుకుంది. ఈసారి దుకాణానికి వెళ్లి, ఏదో ఒకటి కొని, కాసేపు కూర్చుని, "అంగడి మీ దగ్గర ఎట్ల నడుస్తున్నదో జర చూపిస్తరా? మేం నేర్చుకోవాలె" అనేది. ఆ ఒక్క మాటతో తలుపులు తెరుచుకున్నాయి. 'ఏం మార్చలే' అన్నవాళ్లే, ఇంకా చూడు, ఇది చూడు అని ఆమెని లేవనిచ్చేవాళ్లు కాదు.

శంషాబాద్ బస్టాండు దగ్గర తారాబాయి కుట్టుపని దుకాణం నడిపేది. తండాల నుంచి ఆడవాళ్లు అద్దాల రవికెలకీ, ఘాగ్రాలకీ ఆమె దగ్గరికే వస్తారు. తారాబాయి అంగడిలో సరుకు నిల్వ రాసే చోట కొలతలు రాస్తోంది. 'పరిమాణం' తీసి నడుము అని, 'యూనిట్' తీసి భుజం అని పెట్టుకుంది. సగం మాటలు తన లంబాడీ భాషలోనే తెలుగు అక్షరాలతో ఉన్నాయి.

"అక్కా, అసలు ఎందుకు మొదలుపెట్టినవ్ మార్చుడు?" అని సంతోషి అడిగింది.

తారాబాయికి ఆ సంగతి తలుచుకుంటేనే కోపం వచ్చింది. "ఒకరోజు చాతి కొలత కొట్టిన. ఎర్ర డబ్బాల ఏం వచ్చిందో తెల్సా? 'చెల్లని విలువ' అని! నేను చేతిల టేపు పట్టి కొలిచిన కొలత చెల్లదా? నాకే చెప్తదా? అప్పుడే మా బావని కూసోబెట్టి, ఎక్కడుంటదో ఎతికిచ్చి, తీసి పారేసిన."

"తీసి ఏం పెట్టినవ్?"

తారాబాయి కావాలని తప్పు అంకె కొట్టి చూపించింది. ఎర్ర డబ్బాలో వచ్చింది: 'తారక్కా, మల్లోపాలి చూడు.'

"గట్ల అడిగితే చూస్త" అంది తారాబాయి.

ఆఫీసుకి వచ్చి సంతోషి ఇవన్నీ చెబుతుంటే దుర్గేష్ నమ్మలేదు. ఒకరిద్దరు సరదాకి చేసుకుని ఉంటారు, అంతే అన్నాడు. "మీరు నాతో రండి సార్" అని సంతోషి అతన్ని షాద్‌నగర్ తీసుకుపోయింది.

అక్కడ ఐలయ్యకి విత్తనాలు, దాణా అమ్మే దుకాణం ఉంది. ఐలయ్య పెద్దమనిషి, నెమ్మదస్థుడు. అతని బిల్లుల మీద తేదీ పక్కన కార్తె కూడా పడుతుంది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు. "రైతు తేదీ యాది పెట్టుకోడు" అన్నాడు. "ఫలానా కార్తెల తీస్కపోయిన ఇత్తులు మొలవలే అంటడు. నాకు గా కార్తె దొరకాలె." దుర్గేష్ ఆసక్తిగా ముందుకి వంగాడు. ఏడాది పొడవునా ఏ రోజుకి ఏ కార్తె వస్తుందో ఐలయ్య పంచాంగం చూసి ఎక్కించాడు. అందుకు అంగడి లోపల ఎక్కడ చెయ్యి పెట్టాడో అడిగి తెలుసుకుంటున్నాడు దుర్గేష్.

అంతలో ఐలయ్య భార్య చాయ్ తెచ్చింది. వచ్చినాయనే అంగడిని తయారుచేసినాయన అని తెలియగానే, ట్రే కింద పెట్టకుండానే అడిగింది:

"బాబూ, గా దోషం ఏంది?"

"ఏ దోషం అండీ?"

"దుకాణం తెరిసిన నాడు, పూజ చేసి పెట్టె ఆన్ చేస్తే, తెల్లటి తెర మీద 'దోషము కనుగొనబడినది' అని వచ్చె. నాకు కాళ్లూ చేతులూ ఆడలే. నాగదోషమా, దిష్టి దోషమా, వాస్తు దోషమా? ఏదో చెప్పలే. నిమ్మకాయలు కట్టిచ్చిన, గుమ్మడికాయ కొట్టిచ్చిన. పంతుల్ని పిలిస్తే ఆయన తెర చూసి, దీనికి శాంతి నాకు రాదమ్మా అని పోయిండు."

దుర్గేష్ ట్రే మీది గ్లాసు అందుకోబోయి ఆగాడు. ఆ వాక్యం రాసింది అతనే. ప్రింటరు వైరు ఊడిపోతే వచ్చే వాక్యం అది.

"ఏ దోషమూ లేదమ్మా" అన్నాడు చివరికి. "వైరు ఊడింది."

"మరి వైరు ఊడింది అని చెప్పొద్దా?"

"చెప్పాలి" అన్నాడు దుర్గేష్ బుద్ధిగా. తిరుగు బస్సు శంషాబాద్ దగ్గరపడుతుండగా ఉన్నట్టుండి ఒక్కడే నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. పక్క సీటాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

ఇక్కడే సంతోషి ఒక పొరపాటు చేసింది.

ఆమెకి హుషారొచ్చింది. తను పుట్టి పెరిగిన మాటలు ఇన్ని దుకాణాల్లో, కంప్యూటర్ తెరల మీద కనిపించేసరికి గుండె నిండిపోయింది. నామధేయాలూ నిష్క్రమణలూ తీసేసి, అంగడినంతా తమ ఇంట్లో మాట్లాడే భాషలోకి మార్చేద్దామని కూర్చుంది. వారాల తరబడి మాటలు ఏరింది. భాగ్యమ్మని కూడా కూర్చోబెట్టి అడిగింది. 'నిష్క్రమించు' పోయి 'ఇగ పోత' వచ్చింది. 'మొత్తము' పోయి 'అంత కలిపి' వచ్చింది. చాముండేశ్వరి చదివి, బాగుంది, పట్టుకెళ్లి చూపించు అంది.

ఐలయ్య ఆ మాటలతో కొట్టిన బిల్లుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"బిడ్డా, ఇంట్ల మాట్లాడేది వేరే. కాయిదం మీద పడేది వేరే. నా బిల్లు పట్టుకొని రైతు బ్యాంకుకి పోతడు, ఆఫీసుకి పోతడు. జర మర్యాదగ ఉండాలె. నాకు ఆ 'మొత్తము' మంచిగనే ఉండె."

తారాబాయి సగం మాటలు చదివి, "ఇవన్నీ నీయి. నాయి ఏడున్నయి?" అంది.

దశరథం అయితే మొహమాటపడలేదు. "నా మాటలు నేను పెట్టుకున్న. ఇప్పుడు నీ మాటలు తెచ్చి నా మీద ఎందుకు పెడ్తవ్? గప్పుడు మీ మేడమ్ పెట్టె, ఇప్పుడు నువ్వు. తేడా ఏముంది?"

సంతోషి తన కాయితాలు సంచిలో సర్దుకుంది. స్కూటీ మీద వస్తుంటే చెంపలు మండాయి. ఎండ వల్ల కాదని ఆమెకి తెలుసు. మేడ మెట్లెక్కి, చాముండేశ్వరి ఎదుట కూర్చుని, ఎవరేమన్నారో ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఆవిడ నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్లి, భాస్కరరావు పొద్దున ఇచ్చిపోయిన సున్నుండల డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"తిను. నేను చేసిన పనే నువ్వూ చేశావు. మంచి మాటలు అన్నీ నా దగ్గరే ఉన్నాయనుకున్నాను నేను. నీ దగ్గర ఉన్నాయనుకున్నావు నువ్వు. నాకది తెలియడానికి నాలుగేళ్లు పట్టింది, నీకు ఒక్క పూట."

"మీకు ముందే తెల్సా మేడమ్, వాళ్లు ఒద్దంటరని?"

"అనుమానం ఉంది. కానీ నేను చెబితే నీకు కోపం వచ్చేది. కోస్తా ఆవిడ మా మాటలు పెట్టనివ్వడం లేదు అనుకునేదానివి. అనుకోవా?"

సంతోషి సున్నుండ నములుతూ ఒప్పుకుంది. "అనుకుందును."

గదిలో అవతలి మూల నుంచి దుర్గేష్, "అయితే ఎవరి మాటలు పెట్టాలి?" అన్నాడు.

"ఎవరియి వాళ్లయి" అంది సంతోషి. "మార్చుకునే జాగ ముందట్నే పెట్టాలె సార్, లోపల దాచొద్దు. తారక్క బావని పిలిచి ఎతికిచ్చుకునే పరేషాన్ ఉండొద్దు. మాట మీద వేలు పెడితే మారాలె."

దుర్గేష్ నుదురు రుద్దుకున్నాడు. మాటల్ని లోపలే బిగించేద్దామనుకున్న మనిషికి ఇప్పుడు అంతకు ఎన్నో రెట్ల పని. "నాకు తిండి కూడా ఇక్కడికే పంపండి" అని మాత్రం అన్నాడు. ఆ వర్షాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు. అతను తయారుచేసింది సులువుగానే ఉంది: తెరమీద ఏ మాట నచ్చకపోతే ఆ మాట మీద నొక్కిపట్టాలి, చిన్న డబ్బా తెరుచుకుంటుంది, అందులో మీ మాట రాసుకోవాలి. పాతది కావాలంటే అదీ ఉంటుంది. ప్రింటరు వైరు ఊడితే 'ప్రింటరు వైరు ఊడింది' అని వస్తుంది. ఆ ఒక్క వాక్యం ఎవరూ మార్చుకోలేదు.

2013 శీతాకాలంలో శంషాబాద్‌లో ఓ చిన్న ఫంక్షన్ హాలు తీసుకుని, అంగడి వాడేవాళ్లందర్నీ పిలిచారు. సంతోషి సర్వేలో తెలిసింది చెప్పాలి. ఆమె మైకు పట్టుకుని రెండు మాటలు చెప్పిందో లేదో, దశరథం లేచి తన బిల్లు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అతన్ని ఆపి ఐలయ్య కార్తెలు ఎలా పెట్టుకోవాలో చెప్పాడు. రావిర్యాల కిరాణా ఆయన అది తనకీ కావాలన్నాడు. తారాబాయి ఏకంగా స్టేజీ ఎక్కి, వెనక కూర్చున్న ఆడవాళ్లని ముందుకి పిలిచి, కంప్యూటర్‌లో వేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. సంతోషి రాసుకొచ్చిన ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది. భోజనాల దగ్గర భాగ్యమ్మ, కూతుర్ని చూపించి, "మా పిల్లనే, అందర్ని మాట్లాడిపిస్తది" అని పక్కావిడతో అంటుంటే సంతోషి విని విననట్టు అన్నం వడ్డించుకుంది.

మరుసటేడాదికి అంగడి దూరపు ఊళ్లకి కూడా పాకింది. కాకినాడ నుంచి ఎవరో ఫోన్ చేసి, మా దగ్గర కూడా జనం ఏవేవో మార్చుకున్నారు, వచ్చి చూడండి అన్నారు. చాముండేశ్వరి సంతోషినే పంపింది. ఒక్కతే రైల్లో అంత దూరం పోవడం ఆమెకి అదే మొదలు.

రేవు దగ్గర వలలూ తాళ్లూ అమ్మే దుకాణం. లోపల నడివయసు ఆవిడ ఒకామె కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. సంతోషి తాడు కట్ట ఒకటి కొని, "అంగడి మీ దగ్గర ఎట్ల నడుస్తున్నదో జర చూపిస్తరా?" అంది.

ఆవిడ తలెత్తి చూసింది. "ఏదీ, మళ్లీ అనమ్మా?"

సంతోషి మళ్లీ అంది.

"ఎట్ల, జర! ఏ ఊరమ్మా మీది? ఎంత బాగుందో మాట! ఒసేయ్, ఇలా రండే, ఈ అమ్మాయి మాట్లాడుతుంటే వినండి!" అని ఆవిడ లోపలికి కేకేసింది. చీర కొంగులకి చేతులు తుడుచుకుంటూ నలుగురైదుగురు వచ్చి చుట్టూ చేరారు. మీ ఊళ్లో దీన్నేమంటారు, దాన్నేమంటారు అని ఒకరి తరవాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. అడగడానికి వచ్చిన సంతోషి తాడు కట్టమీదే చతికిలబడి, చెప్పుకుంటూ పోయింది. కంప్యూటర్ దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. ముందు తినమ్మా, అది ఎక్కడికీ పోదు అని వాళ్లు ఆమె ముందు చేపల పులుసు పెట్టారు.